నేను లింఫోసైట్లని రాసిన కణాలు

నా పదవీ విరమణ సభలో మైకు పట్టుకున్నాయన నన్ను ఫార్మసిస్టునని పరిచయం చేశాడు. ముప్పై ఒక్క ఏళ్లు మైక్రోస్కోపు మీద వంగి పనిచేసినవాణ్ణి ఒక్క మాటతో మందుల గదిలోకి తోసేశాడు. అక్కడే లేచి సరిదిద్దాను. శాలువా కప్పుతున్న వేళ అట్లా మాట్లాడటం బాగాలేదని తర్వాత కొందరన్నారు. నాకు బాగానే ఉంది. నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఆ సంగతి మైకులో వినపడాలి.

ఇప్పుడు ఈ ఉద్యోగంలో చేరుతున్న పిల్లలు ఎక్కడైనా కలిస్తే అడిగేది ఒకటే. "సార్, మీరు అందరి మీదా ఫిర్యాదులు రాసేవారట కదా, ఏం సాధించారు?" సాధించాను. ల్యాబుకు ఇన్వర్టరు సాధించాను. సీనియారిటీ జాబితాలో నాకంటే రెండేళ్లు వెనక చేరినవాణ్ణి నా పైన రాస్తే, మూడు అర్జీలతో కిందికి దింపించాను. ఈ విజయాల గురించి పొద్దుగూకేదాకా చెప్పగలను. కానీ మీకు పనికొచ్చేది అది కాదు. ఒక మనిషి గుండె చుట్టూ చేరిన నీళ్ల గురించి చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది. గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట ఉన్న ఒక సర్కారు దవాఖానాలో పనిచేస్తున్నాను. ఊరి పేరు రాయను. అప్పటికి అదంతా ఒకటే ఖమ్మం జిల్లా. వానలు పడితే మా వరండాలో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. ఏరు దాటి, గుట్టలు దిగి, జ్వరాలతో మనుషులు వచ్చేవారు. నా బల్ల మీద రోజూ మలేరియా స్లైడ్లు కట్టలు కట్టలుగా ఉండేవి. పదేళ్లు అట్లా చూశాక, రక్తంలో ఏ కణం తన సైజులో ఉందో, ఏది లేదో కళ్లకు దానంతటదే తెలిసిపోతుంది. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం కాదు, నిజం.

ఆ ఏడు వేసవిలో కొత్త ఫిజీషియన్ వచ్చాడు. కోస్తా జిల్లాల మనిషి, ముప్పై దాటిందో లేదో. పని తెలిసినవాడు, ఆ మాట ఒప్పుకుంటాను. పొద్దున ఎనిమిదికే ఓపీలో కూర్చునేవాడు. మా ప్రాంతానికి బదిలీ మీద వచ్చిన వాళ్లలో అది అరుదు.

ఒకరోజు ఒక జ్వరం రోగి స్లైడులో మలేరియా కనపడలేదు కానీ తెల్లకణాలు నాకు తేడాగా అనిపించాయి. స్లైడు పట్టుకుని ఓపీ గదికి వెళ్లాను. లోపలా, గుమ్మం బయటా కలిపి నలభై మంది ఉంటారు.

"సార్, మలేరియా లేదు గానీ, తెల్లకణాలు ఒకసారి మీరు చూస్తే మంచిదేమో," అన్నాను.

ఆయన రాస్తున్న చీటీ మీంచి తల ఎత్తలేదు. "నిన్ను అడిగింది మలేరియా ఉందా లేదా అనే కదా? అడిగింది రాసివ్వు, చాలు. డాక్టరు పని డాక్టరుని చేయనీ."

నువ్వు! నాకప్పటికి నలభై ఆరు. మా దవాఖానాలో సూపరింటెండెంటు కూడా నన్ను మీరు అనేవాడు. గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. ఆ నవ్విన మనిషి వేసుకున్న చొక్కా రంగు కూడా నాకు గుర్తుంది, ఆకుపచ్చ.

ఆ సాయంత్రమే ఫిర్యాదు రాశాను. జిల్లా ఆఫీసుకొకటి, సూపరింటెండెంటుకొకటి, నాకొకటి. వార్డు హెడ్ సిస్టరు ల్యాబు ముందు నుంచి పోతూ ఆగింది. ఆమెది ఇల్లందు, బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. నాలుక మీద అదుపు ఉండదు, చేతిలో మాత్రం సూది నొప్పి తెలియకుండా దిగుతుంది.

"ఇయ్యాల ఎవల మీదనే అన్నా?"

"ఫిజీషియన్ మీద."

"వచ్చి రెండు నెలలు గాలే, అప్పుడే వంతు వచ్చిందా పాపం! కార్బన్ పేపర్లన్న ఉన్నయా, తెచ్చియ్యాల్నా?"

నేను నవ్వలేదు. ఆ రోజే ఇంకొక నిర్ణయం కూడా తీసుకున్నాను. అడిగింది రాసివ్వమన్నాడు కదా, అంతే రాసిస్తాను. ఫారంలో ఎన్ని గడులుంటే అన్ని నింపుతాను. ఒక్క అక్షరం ఎక్కువ రాయను, ఒక్క మాట ఎక్కువ మాట్లాడను. ఇది సమ్మె కాదు, ఉత్తర్వు పాటించడం. ఎవరూ తప్పు పట్టలేరు. అప్పుడు నాకది చాలా తెలివైన పనిగా తోచింది.

నెల తిరక్కముందే వెదురు నరికే ఒకతన్ని ఎడ్లబండి మీద ఏటి దాకా, అక్కడి నుంచి జీపులో తీసుకొచ్చారు. కోయ మనిషి, ముప్పై అయిదేళ్లు ఉండొచ్చు. కాళ్లు వాచాయి. మెడ మీద నరాలు తాళ్లలా ఉబ్బి ఉన్నాయి. పడుకోలేడు. కూర్చుని ముందుకు వంగితేనే ఊపిరి. పక్కన భార్య. ఆమె భయపడటం మాని అందరినీ గదమాయిస్తోంది.

"నెల దినాలసంది మాపటేళ జొరం సారూ. మా కాడ సూది ఏసిండ్రు, గోలీలిచ్చిండ్రు, తగ్గలే. ఒరుగుమంటే ఒరుగడు. ఒరిగితే దమ్ము ఆడదంటడు. గోడకు ఆనిచ్చి కూసోబెడుతున్న, దేవుని బొమ్మ లెక్క."

ఎక్స్‌రేలో గుండె నీళ్లు నిండిన తోలుతిత్తిలా రెండు పక్కలకూ జారి ఉంది. గర్భిణుల కోసం తెచ్చిన స్కానింగ్ మిషను పెట్టి చూస్తే గుండె చుట్టూ నీరు. ఇంకొంత సేపు ఆగితే ఆ నీటి ఒత్తిడికి గుండె విచ్చుకోలేక ఆగిపోయే స్థితి. ఫిజీషియన్ రొమ్ము ఎముక కిందుగా సూది దించి నీరు తీశాడు. మా దవాఖానాలో అంతకుముందు ఎవరూ చేయని పని. సూది ఒక్క పోటుకే సరిగ్గా దిగిందని సిస్టరు తర్వాత చెప్పింది. ముప్పావు సీసా నీరు, గడ్డి రంగులో, కాస్త ఎరుపు కలిసి.

ఆ నీరు నా బల్ల మీదికి వచ్చింది. అప్పటికే స్లైడ్ల గుట్ట ముందుంది. అయినా ఈ పని వెంటనే చేశాను. మిషనులో గిర్రున తిప్పి, అడుగున దిగిన దాన్ని స్లైడు మీద పరిచి, రంగు వేసి చూశాను.

నేను చూశాను. ఇక్కడ దాచుకోవడానికేమీ లేదు. లింఫోసైటు అనే తెల్లకణం మామూలుగా ఎర్రకణం కంటే కొంచెమే పెద్దగా ఉంటుంది, పొందికగా. ఇవి రెండింతలు, మూడింతలు ఉన్నాయి. కణం నిండా కేంద్రమే, చుట్టూ సన్నటి ముదురు నీలం అంచు, ఆ అంచులో చిన్న చిన్న ఖాళీ చుక్కలు. ఇవేవో మామూలువి కావు అని నా కళ్లు చెప్పాయి.

ఫారం తీశాను. క్షయ క్రిములు: లేవు. తెల్లకణాల రకాలకు రెండు గడులు. పాలిమార్ఫులు, లింఫోసైట్లు. పాలిమార్ఫుల గడిలో పది అని, లింఫోసైట్ల గడిలో తొంభై అని రాశాను. మూడో గడి లేదు. నన్ను అడగలేదు. ఓపీ గదికి పోయి, "సార్, ఒకసారి చూడండి" అని మళ్లీ నలభై మంది ముందు నిలబడటానికి నా కాళ్లు ఒప్పుకోలేదు. సంతకం పెట్టి పంపేశాను.

స్లైడును మాత్రం కడగలేదు. మలేరియా స్లైడ్లలో కొన్నింటిని పై ల్యాబు వాళ్లు తిరిగి చూడటం కోసం కాగితంలో చుట్టి నంబరు వేసి దాస్తాం. నాకు ఆ అలవాటు ఇంకాస్త ఎక్కువ. రేపు ఎవరైనా నా మీద తప్పు మోపితే చూపించడానికి రుజువు ఉండాలని, అనుమానం ఉన్న ప్రతి స్లైడూ దాచేవాణ్ణి.

గుండె చుట్టూ నీరు, సాయంత్రం జ్వరం, నీటిలో లింఫోసైట్లు తొంభై శాతం. మన దేశంలో ఏ డాక్టరైనా క్షయ అనే అనుకుంటాడు. ఆయనా అనుకున్నాడు. క్షయ మందులతో పాటు, పొర వాపు తగ్గడానికి స్టెరాయిడు గోలీలు మొదలుపెట్టాడు. పది రోజుల్లో ఆ మనిషి లేచి నడిచాడు. వాపులు దిగాయి, జ్వరం పోయింది. వెళ్లేటప్పుడు భార్య వార్డులో అందరికీ ఇప్పపూల లడ్డూలు పంచింది. నా దగ్గరికీ వచ్చి ఒకటి పెట్టింది. తిన్నాను. నా అనుమానం తప్పయిందిలే అనుకున్నాను. మనిషి బాగుపడ్డాడు కదా, అంతకంటే రుజువేముంటుందనుకున్నాను.

స్టెరాయిడు గోలీలు వారం వారం తగ్గిస్తూ దీపావళి దాటాక ఆపేశారు. ఆపిన మూడో వారంలో వాళ్లు మళ్లీ వచ్చారు, మొదటిసారి కంటే అధ్వానంగా. అది ఆదివారం. ఫిజీషియన్ వచ్చి మళ్లీ నీరు తీసి ప్రాణం నిలబెట్టాడు. ల్యాబు తాళం నా దగ్గర. నేను చండ్రుగొండ దగ్గర మా ఊళ్లో పెళ్లిలో ఉన్నాను. సోమవారం పొద్దున వచ్చి చూస్తే కిటికీ గట్టు మీద సీసా. ఈసారి ముదురు ఎరుపు. సగం గడ్డకట్టింది, ఒక రాత్రంతా బయట ఉండటంతో కణాలు చాలావరకు పగిలిపోయాయి. ఆ శిథిలాల మధ్య ఏడో ఎనిమిదో నిలిచి ఉన్నాయి. పెద్దవి, ముదురు నీలం అంచు, ఖాళీ చుక్కలు. ఆగస్టులో చూసినవే.

ఆగకుండా సిస్టరు దగ్గరికి పోయాను. "వెదురాయనకు ఇప్పుడేం మందులు రాసిండు?"

"అవే అన్నా. స్టెరాయిడు జల్దీ ఆపినం, గందుకే తిరగబెట్టిందంటున్నడు. రేపటిసంది మళ్ల పెద్ద డోసు. ఏమైంది, మొకం గట్ల పెట్టినవ్?"

ఓపీ గదికి వెళ్లాను. ఆ గుమ్మం దాటి నాలుగు నెలలైంది. "సార్, ఇది క్షయ కాదేమో. నీటిలో క్యాన్సరు కణాల్లాంటివి ఉన్నాయి," అన్నాను.

ఈసారి ఆయన తల ఎత్తాడు, మర్యాదగానే మాట్లాడాడు. జిల్లా ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగిన కాగితం వచ్చినప్పటి నుంచి నన్ను మీరు అంటున్నాడు. "క్షయ మందులకు తగ్గింది కదండీ. క్యాన్సరయితే తగ్గుతుందా? ఇది గడ్డకట్టిన శాంపిల్, ఇందులో ఏం కనపడినా నమ్మలేం. మంచి శాంపిల్ మీద మొదటి రిపోర్టు ఉంది." కేసుషీటు తెరిచి నా వైపు తిప్పాడు. "లింఫోసైట్లు తొంభై. సంతకం మీదే."

నా సంతకమే. అందంగా, గుండ్రంగా ఉంది.

ఆ పూటే సెలవు చీటీ బల్ల మీద పెట్టి ఖమ్మం బస్సెక్కాను. ట్రైనింగులో మాకు పాఠాలు చెప్పిన పాథాలజీ మేడం రిటైరై అక్కడే ఉంటోంది. ఇంటి ముందు గదిలో మైక్రోస్కోపు పెట్టుకుని, తెలిసినవాళ్లు తెచ్చిన స్లైడ్లు చూస్తుంది. డెబ్బై దాటాయి. చూపు ఇంకా పదును, మాట అంతకంటే పదును. నా సంచిలో రెండు స్లైడ్లున్నాయి. ఆదివారం నీటిది పై అరలో, ఆగస్టుది కాగితం చుట్టి అడుగున.

మొదట పైదే తీసి ఇచ్చాను. చాలాసేపు చూసింది.

"ఏందయ్యా ఇది, నెత్తురు గడ్డ తెచ్చినవ్. నాలుగైదు చోట్ల అనుమానంగ ఉన్నదిగానీ, గింత దాన్ని పట్టుకుని ఒక మనిషికి క్యాన్సరని చెప్పలేను. మళ్ల నీరు తీసిస్తరా?"

"తీసినాక నీరు మిగల్లేదు మేడం. రేపటి నుంచి మళ్లీ స్టెరాయిడు మొదలుపెడతారు."

ఆమె కళ్లద్దాలు తీసింది. "మొదటిసారి స్టెరాయిడు ఇచ్చినప్పుడు తగ్గిందా?"

"తగ్గింది."

"ఆపినాక తిరగబెట్టిందా?"

"అవును."

"లింఫోమా అయితే గట్లనే చేస్తది. ఆ గోలీలకు కొన్నాళ్లు కరుగుతది, కరిగి మోసం చేస్తది. మళ్ల మొదలుపెడితే ఉన్న ఆనవాళ్లు గూడ పోతయ్. ఇప్పుడే తేల్చాలె. మొదటిసారి తీసిన నీటి స్లైడు ఉన్నదా? మందు పడకముందుది?"

పిల్లలూ, ఇక్కడ మీకు నిజం చెప్పాలి. లేదందామనుకున్నాను. పగిలిపోయింది అంటే సరిపోయేది. ఎవరికీ తెలియదు. నా ఫిర్యాదు మీద విచారణ రాబోతోంది. డాక్టరు అహంకారి, టెక్నీషియన్ నిర్దోషి అని ఇరవై పేజీలు రాసి ఉన్నాను. ఈ స్లైడు బయటికి వస్తే ఆ ఇరవై పేజీలూ చిత్తు కాగితాలు. కానీ అక్కడ గోడకు ఆని కూర్చున్న మనిషికి, రేపు పొద్దున చేతిలో పెట్టబోయే గోలీకి మధ్య ఇంకేమీ లేదు, నా సంచి అడుగున ఉన్న గాజుముక్క తప్ప.

"ఉంది మేడం," అని తీసి ఇచ్చాను.

ఈసారి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. "స్టెయిన్ మంచిగ చేసినవ్," అంది ముందు. తర్వాత తల తిప్పి చూసింది. "ఇవి లింఫోమా కణాలు. ఒకటి గాదు రెండు గాదు, స్లైడంత. దీన్ని చూసి రిపోర్టుల ఏం రాసిండ్రు?"

"లింఫోసైట్లు తొంభై శాతం అని."

"ఎవడా రాసినోడు?"

"నేనే మేడం."

"కనపడలేదా?"

"కనపడ్డాయి."

"కనపడినాక ఎట్ల రాసినవ్?"

"ఫారంలో రెండే గడులు ఉన్నయి మేడం."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే దాన్ని కూడా గుర్తు పెట్టుకునేవాణ్ణి. "గడి పక్కన జాగ లేకుండెనా?" అని మాత్రం అడిగింది.

ఉంది. ఫారం కుడివైపు నాలుగు వేళ్ల ఖాళీ ఉంటుంది.

ఆమె తన లెటర్‌హెడ్ మీద రెండు స్లైడ్ల గురించి రాస్తూ, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. గుండె రెండు పొరల సంచిలో ఉంటుంది. పొరలు ఒరుసుకోకుండా నడుమ నాలుగైదు చెంచాల నీరు ఉంటుంది. ఛాతీ మధ్యలోని లింఫు గ్రంథుల్లో ఈ లింఫోమా క్యాన్సరు పెరిగితే పక్కనే ఉన్న ఆ పొరను అంటుకుంటుంది. అప్పుడు పొర నుంచి నీరు ఊరి సంచి నిండుతుంది. గుండెకు విచ్చుకునే చోటు ఉండదు. ఇంకా ముదిరితే గుండె కండలోకే దిగుతుంది, అప్పుడు కొట్టుకునే తీరే తప్పుతుంది. "కానీ సరైన మందు జల్దీ పడితే ఇది కరిగే జబ్బే. ఆశ వదిలే జబ్బు గాదు. పో, ఇక్కడెందుకు కూసున్నవ్?"

మర్నాడు ఓపీ మొదలు కాకముందే ఆయన గదికి వెళ్లాను. మేడం రాసిన కాగితం బల్ల మీద పెట్టాను. చదివి, లేచి నా వెంట ల్యాబుకు వచ్చాడు. వచ్చిన ఆరు నెలల్లో ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. నా స్టూలు మీద కూర్చుని ఆగస్టు స్లైడు చూశాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"ఇవి మీకు అప్పుడే కనపడ్డాయా?"

"కనపడ్డాయి."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

"అడిగింది రాసివ్వు, చాలు అన్నారు. రాసిచ్చాను."

ఆయన మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాను, అరిస్తే నాకు కొంత సుఖంగా ఉండేది. "అన్నాను," అన్నాడు. "నేను అలా అనడం తప్పు. మీరు ఆ మాట వినడం అంతకంటే పెద్ద తప్పు."

ఆ స్లైడును మళ్లీ కాగితంలో చుట్టాను.

ఆయన వార్డుకు పోయి స్టెరాయిడు రాసిన చీటీ కొట్టేసి, హైదరాబాదులో క్యాన్సరు ఆస్పత్రికి రిఫరల్ రాశాడు. అయిపోయిందనుకున్నాం. కాలేదు. ఆ భార్య కదలనంది.

"పోయినపారి టీబీ అంటిరి. గోలీలన్నీ మింగె. ఇప్పుడు గాదు, ఇంకోటంటున్రు. పట్నంల ఇంకో పేరు జెప్తరు. ఎవల్ని నమ్మాలె? సచ్చేదుంటే మా గుంపుల, మా ఇంటికాడ సస్తడు. జీబు మాట్లాడుండ్రి, తోల్కపోత."

డాక్టరు చెప్పాడు, సిస్టరు చెప్పింది. వినలేదు. ఆమె అన్నదాంట్లో తప్పేముంది? చివరికి నేను వెళ్లి మంచం పక్కన నిలబడ్డాను.

"టీబీ అని పొరపాటు పడింది డాక్టరు కాదమ్మా. నేను. నాకు భూతద్దంలో ఇది కనపడింది. కనపడ్డది చెప్పలేదు."

"ఎందుకు జెప్పలే?"

"డాక్టరు నన్నొక మాటన్నాడు. అలిగిన."

ఆమె నన్ను కిందికీ పైకీ చూసింది. "డాక్టరు మీద అలిగితే, మా ఆయన ఏం జేసిండు నీకు?"

వార్డంతా వింటోంది. ఓపీ గదిలో కంటే ఎక్కువమందే. మంచం మీద వంగి కూర్చున్న ఆమె భర్త ఆయాసంలోనే కోయ భాషలో ఆమెతో ఏదో అన్నాడు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఏమంటున్నాడు?" అని అడిగాను.

"అబద్ధం చెప్పేటోడు గిట్ల అందరి ముందట నిలబడి చెప్పడంట. పోదామంటున్నడు." ఆమె ఇంకా నన్నే చూస్తోంది. "పోత. నువ్వు గూడ రా. అక్కడ మాకు అద్దంల చూసేటోళ్లెవరు, చెప్పేటోళ్లెవరు, ఎర్క లేదు. నీకు ఎర్కనే గద. మా పక్కన నిలబడి అంత చెప్పాలె. ఈపారి అలగొద్దు."

సిస్టరు మొహం పక్కకు తిప్పుకుంది. నవ్వుకుందని నాకు తెలుసు. దాన్ని మాత్రం రాసిపెట్టుకోలేదు.

కొత్తగూడెంలో రైలెక్కి, నా ఆర్జిత సెలవులో పన్నెండు రోజులు పట్నంలో ఉన్నాను. పెద్ద స్కానింగులో ఛాతీ మధ్యన గడ్డ బయటపడింది, గుండె పైపొర మందంగా మారింది, కండలోకి మాత్రం ఇంకా దిగలేదు. మొదటి మందు ఎక్కించేటప్పుడు గుండె కొట్టుకునే తీరును మిషను మీద చూస్తూ కూర్చున్నారు, ఎందుకంటే గడ్డ కరగడమూ, ఆ మందూ రెండూ గుండెకు బరువే. అడిగిన ప్రతిచోటా అంతా చెప్పాను. అడగనిచోట కూడా చెప్పాను. ఒక జూనియర్ డాక్టరు, "మీరు కాసేపు బయట కూర్చుంటారా," అన్నాడు. కూర్చోలేదు.

నా ఫిర్యాదు సంగతి అడుగుతారు. వెనక్కి తీసుకోలేదు. నా తప్పు నాది, ఆయన అన్న మాట ఆయనది. విచారణాధికారి వచ్చినప్పుడు ఇరవై పేజీలతో పాటు, నేను చేసిందేమిటో రాసిన ఒక్క పేజీ కూడా ఇచ్చాను. డాక్టరుకు సలహా, నాకు మెమో వచ్చాయి. సలహాకూ మెమోకూ ఉన్న తేడా మీద అప్పీలు చేశాను, అది ఇంకా ఏదో ఒక బీరువాలో ఉండే ఉంటుంది. మా ల్యాబు ఫారాలన్నింటి మీదా స్కేలు పెట్టి మూడో గడి గీసి, 'ఇతర కణాలు, చూసినవారి మాట' అని రాశాను. ఆ తర్వాత ఫిజీషియన్ మధ్యాహ్నం పూట అప్పుడప్పుడూ ల్యాబుకు వచ్చి, "ఏమన్నా ఉన్నాయా అండీ," అని అడిగేవాడు. రెండేళ్లకు బదిలీ మీద వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు నాకు చెప్పకుండా వెళ్లాడు. అది కూడా గుర్తుంది.

ఆరుసార్లు మందు ఎక్కించాక ఆ మనిషి ఇంటికి వచ్చాడు. మళ్లీ వెదురు నరకలేదు, మేకలు పెట్టుకున్నాడు.

మరుసటి వానల్లో ఆయన భార్య ఒక్కతే వచ్చింది. వరండా కిక్కిరిసి ఉంది. వరస తప్పించి నేరుగా లోపలికి వచ్చి బల్ల ముందు నిలబడింది.

"మూడు దినాలసంది సలిజొరం. మా ఆయన మంచిగున్నడు, నెత్తిన ఎంటికలు గూడ వచ్చినయ్, మేకపిల్ల లెక్క. నన్ను సూడు."

"చీటీ రాయించుకుని రావాలమ్మా. బయట వరస ఉంది."

"నాకెందుకు వరస?" అని వేలు చాపింది.

నిజమే, ఆమెకెందుకు? పొడిచి, రక్తం స్లైడు మీద తీసి, ఆరబెట్టి, రంగు వేశాను. అంతసేపూ అక్కడే నిలబడింది. బయట కూర్చోమన్నా కదల్లేదు. మైక్రోస్కోపు మీద వంగాను. మలేరియా లేదని చెప్పాలంటే వంద చోట్ల చూసి చెప్పాలని మాకు నియమం. ఆమె జ్వరపు ఊపిరి నా చెవి వెనక తగులుతోంది. వంద చోట్లా చూశాను. ఎక్కడా కనపడలేదు.

"లేదమ్మా," అన్నాను.

"మంచిగ సూసినవా?"

"చూసిన."

"ఎవల మీదన్న కోపమున్నదా ఇయ్యాల?"

నా ఉద్యోగ జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. వాటన్నింటికీ తిరిగి ఒక మాట అన్నాను, లేదా ఒక కాగితం రాశాను. ఈ మాట అన్నది మాత్రం అనే హక్కు ఉన్న మనిషి.

"లేదు," అన్నాను.

"అయితే ఇంకోపారి సూడు."

స్లైడును మొదటి అంచుకు జరిపి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాను.